సర్వర్ కొటేషన్ మీద సంతకం పెట్టే ముందు: వర్క్‌గ్రూపా, డొమైనా, క్లౌడా?

సర్వర్ అమ్మేవాళ్ళు ఇచ్చిన కొటేషన్ చేతిలో పెట్టుకుని నాకు ఫోన్ చేసేవాళ్ళు నెలకు ఇద్దరైనా ఉంటారు. తిరుపతిలో ఆడిటర్ ఆఫీసు, ట్రావెల్స్, చిన్న ఆసుపత్రి. చిత్తూరు వైపు అయితే మామిడి గుజ్జు ఫ్యాక్టరీ, గ్రానైట్ యూనిట్. అడిగేది మాత్రం ఒకటే: "సర్వర్ పెట్టి డొమైన్ చేస్తే వైరస్ రాదంటా ఉండారు, నిజమేనా సార్?"

నిజం కాదు. డొమైన్ అంటే ఆఫీసులో తాళాలన్నీ ఒకే గుత్తికి వేసుకోవడం. కొత్త ఉద్యోగి వస్తే ఒక్కచోట పేరు చేర్చితే చాలు, మానేసి పోతే ఒక్కచోట ఆపేస్తే చాలు. ఆ సుఖం ఆ గుత్తి దొరికిన దొంగకీ అంతే ఉంటుంది. అందుకే నేను ఎన్ని కంప్యూటర్లున్నాయని మొదట అడగను. గుత్తి ఎవరి దగ్గర ఉంటుంది, సోమవారం పొద్దున పదింటికి ఎవరికీ లాగిన్ కాకపోతే ఎవరొస్తారు, ఎంతసేపట్లో వస్తారు అని అడుగుతాను. ఈ మూడింటికి జవాబు దొరికితే ఏది పెట్టుకోవాలో సగం తేలిపోతుంది.

ఇంకోటి, కొటేషన్ కంటే ముందు చూడాల్సింది: మీ ల్యాప్‌టాపుల్లో ఉన్నది విండోస్ హోమా, ప్రోనా? ధర తక్కువని షోరూంలో కొన్నవి చాలావరకు హోమ్‌తోనే వస్తాయి. హోమ్ ఎడిషన్ డొమైన్‌లో చేరదు, క్లౌడ్ డైరెక్టరీలోనూ (ఇంటర్నెట్‌లో ఉండే లాగిన్ల జాబితా) చేరదు. పదిహేను ల్యాప్‌టాపులకు ప్రోకి మార్చే ఖర్చు కలిపితే లెక్క తారుమారవుతుంది. సర్వర్ అమ్మేవాడు ఈ ముక్క ఆర్డరు వచ్చాక చెప్తాడు.

ఏది ఎవరికి

వర్క్‌గ్రూప్ అంటే ఉమ్మడి గుత్తి లేకుండా ఏ కంప్యూటర్ తాళం దానిదే. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్ళున్నారు, నేను మాట్లాడను. ఆరేడు కంప్యూటర్లు, ఒక ట్యాలీ, ఒక ప్రింటరు ఉన్నచోట అదే చాలు. ఎవరి కంప్యూటర్లో వాళ్ళకు అడ్మిన్ కాని మామూలు యూజర్ పెట్టి, ఫైళ్ళకు ఒక చిన్న నాస్ పెట్టెను (నెట్‌వర్క్‌లో అందరూ వాడుకునే డిస్కు పెట్టె) కొని, అందులో పేరుపేరునా పాస్‌వర్డులిస్తే సంవత్సరాల తరబడి నడుస్తుంది. ఇబ్బంది మొదలయ్యేది మనుషులు మారేటప్పుడు. ఒకరు మానేస్తే నాస్‌లో ఒకసారి, వాళ్ళు కూర్చున్న ప్రతి కంప్యూటర్లో ఒకసారి పేరు తీయాలి. ఎక్కడో ఒకచోట మర్చిపోతాం. నాస్ లేకుండా ఒక మామూలు విండోస్ కంప్యూటర్‌నే సర్వర్‌లా వాడుకుంటే దానికి ఒకేసారి 20 కనెక్షన్ల హద్దుంది. ఆ సంఖ్య దగ్గరికి వచ్చేనాటికి ఎలాగూ వేరే దారి చూసుకోవాలి.

ఒక్క సర్వర్‌తో డొమైన్: మన ఊళ్ళో ఎక్కువగా అమ్ముడుపోయేది ఇదే. నాకు అస్సలు నచ్చనిదీ ఇదే. పద్నాలుగు మంది లాగిన్, ఫైళ్ళు, ట్యాలీ, ప్రింటర్ అన్నీ ఒక పెట్టె మీద, ఆ పెట్టె ఒక యూపీఎస్ మీద, ఆ యూపీఎస్ నాలుగేళ్ళ బ్యాటరీ మీద ఉంటాయి. వర్క్‌గ్రూప్‌లో ఒక కంప్యూటర్ పోతే ఒక మనిషి పని ఆగుతుంది. ఇక్కడ పవర్ సప్లై కాలితే ఆఫీసు మొత్తం టీకొట్టు దగ్గరికి పోతుంది. అడిగితే "వర్చువల్‌గా రెండు పెట్టాం సార్" అంటారు. విండోస్ సర్వర్ స్టాండర్డ్ లైసెన్సుతో ఒకే పెట్టెలో సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన రెండు (వర్చువల్) సర్వర్లు నడుపుకోవచ్చన్న మాట నిజమే. కానీ పెట్టె ఒకటే కదా!

డొమైన్ పెడితే రెండు వేర్వేరు పెట్టెల మీద రెండు డొమైన్ కంట్రోలర్లు (లాగిన్లు సరిచూసే సర్వర్లు) పెట్టండి. రెండోది పెద్దది కానక్కర్లేదు, లాగిన్ పని ఒక్కటి చేస్తే చాలు. దానికి ఇంకో లైసెన్సు కావాలి, అందుకే కొటేషన్లో కనిపించదు. స్టాండర్డ్ తీసుకుంటే వాడేవాళ్ళ లెక్కన సీఏఎల్ అనే లైసెన్సులూ విడిగా కొనాలి. ఎసెన్షియల్స్ అనే చిన్న ఎడిషన్లో 25 మంది, 50 పరికరాల దాకా ఆ బెడద లేదు. రెండు పెట్టెలకు డబ్బు లేదంటే మీ ఆఫీసుకు డొమైన్ వద్దనే చెప్తాను. కొందరు కస్టమర్లను ఇలా పోగొట్టుకున్నాను కూడా.

మూడోది క్లౌడ్: గుత్తి మన సర్వర్లో కాక మైక్రోసాఫ్ట్ వాళ్ళ దగ్గర ఇంటర్నెట్‌లో ఉంటుంది. 2023లో పేరు మార్చి ఎంట్రా ఐడీ అంటున్నారు, అంతకుముందు అజ్యూర్ ఏడీ. మీ మెయిల్ ఇప్పటికే మైక్రోసాఫ్ట్ 365లో ఉండి, మనుషులు సగం రోజులు క్లయింట్ల దగ్గరో ఇంట్లోనో ల్యాప్‌టాప్‌తో పనిచేస్తుంటే ఇదే సరైనది. బిజినెస్ ప్రీమియం ప్లాన్‌లో 300 మంది దాకా తీసుకోవచ్చు, కంప్యూటర్లను దూరం నుంచే అదుపు చేసే ఇంట్యూన్ కూడా అందులోనే వస్తుంది. కాలిపోయే పవర్ సప్లై మీ ఆఫీసులో ఉండదు. నెట్ పోయినా, ఆ కంప్యూటర్లో ఇదివరకు లాగిన్ అయిన మనిషి మళ్ళీ లాగిన్ కాగలడు. కొత్త మనిషికి మాత్రం నెట్ కావాలి. తలకు ఇంత అని నెలనెలా కట్టాలన్నది ఒక లెక్క. ట్యాలీ డేటా ఆఫీసులోనే ఉండాలంటే నాస్ ఎలాగూ కావాలన్నది ఇంకో లెక్క.

మామిడి సీజన్లో రెండు మూడు నెలలకు డేటా ఎంట్రీకి వచ్చే పిల్లలకు తలకో లైసెన్సు కొనాలంటే గుజ్జు ఫ్యాక్టరీ ఓనర్‌కి గుండె ఆగుతుంది. అలాంటిచోట తూకం దగ్గర, గేటు దగ్గర ఉండే కంప్యూటర్లను క్లౌడ్‌కి కలపకుండా విడిగా పెట్టడమే మేలు.

డొమైన్, క్లౌడ్ రెండూ కలిపి నడిపే హైబ్రిడ్ ఇప్పటికే డొమైన్ ఉన్నవాళ్ళకు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు దాని జోలికి పోకండి, రెండింటి తలనొప్పులూ మీకే వస్తాయి. లైనక్స్ మీద సాంబా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో డొమైన్ పెట్టుకోవచ్చు. 2012 చివర్లో వచ్చిన 4.0 నుంచి అది డొమైన్ కంట్రోలర్‌గా పనిచేస్తోంది, సర్వర్ లైసెన్సు ఖర్చు ఉండదు. లైనక్స్ తెలిసిన మనిషి మీ ఆఫీసులోనే జీతానికి ఉంటే పెట్టుకోండి. ఫోన్ చేస్తే వచ్చే మనిషిని నమ్ముకుని మాత్రం వద్దు.

చెడిపోయినప్పుడు

కొనేటప్పుడు అన్నీ బాగానే ఉంటాయి, తేడా తెలిసేది చెడిపోయిన రోజే. డొమైన్ చెడిపోతే మొట్టమొదట అనుమానించాల్సింది డీఎన్ఎస్‌ని, అంటే పేరు చెప్తే అడ్రసు చెప్పే సేవని. ఈ సంగతి నాకు పుస్తకంలో చదివితే ఎక్కలేదు.

బైరాగిపట్టెడలో ఒక ఆడిటర్ ఆఫీసు. జులై నెలాఖరు, రిటర్నుల గడువు తరుముకొస్తోంది. సోమవారం తొమ్మిదిన్నరకు ఫోన్: "నెట్ బాగా వస్తా ఉండాది సార్, యూట్యూబ్ కూడా ఆడతా ఉండాది. సర్వరే కనపళ్ళేదు." వెళ్ళి చూస్తే పద్నాలుగింటిలో ఎనిమిదికి లేదు, ఆరింటికి ఉంది. సర్వర్‌కి పింగ్ (ఉన్నావా అని పలకరించి చూడటం) పోతోంది. పింగ్ పోతోంది కాబట్టి నెట్‌వర్క్ బాగుందనుకుని, తప్పు సర్వర్‌దేనని దాన్ని రీస్టార్ట్ చేశాను. దాంతో పనిచేస్తున్న ఆరుగురి ట్యాలీ కూడా మూతపడింది. ఆ ఆరుగురి ముఖాలు ఇప్పటికీ గుర్తున్నాయి.

గంటన్నర పోయాక చేసిన పని మొదటే చేసుండాల్సింది. పనిచేసే కంప్యూటర్, పనిచేయనిది పక్కపక్కన ఉన్నాయి. రెండింట్లోనూ నెట్‌వర్క్ సెట్టింగులు చూపించే ఐపీకాన్ఫిగ్ ఆల్ కమాండ్ కొట్టి, వరుసకు వరుస పోల్చాను. పనిచేసేదాంట్లో డీఎన్ఎస్ సర్వర్ అన్నచోట మా సర్వర్ అడ్రసుంది. పనిచేయనిదాంట్లో గూగుల్ డీఎన్ఎస్ అడ్రసు 8.8.8.8 ఉంది. శనివారం నెట్ కంపెనీ అబ్బాయి వచ్చి రౌటర్ మార్చిపోయాడట. కొత్త రౌటర్ తనూ అడ్రసులు పంచడం మొదలుపెట్టింది. ముందు సర్వర్ చేయి అందినవాళ్ళు బతికారు, రౌటర్ చేతికి చిక్కినవాళ్ళు చిక్కారు. పింగ్‌కి అడ్రసు నేనే నంబర్లలో కొట్టాను కాబట్టి పోయింది. డొమైన్ లాగిన్‌కి "ఈ డొమైన్‌కి కంట్రోలర్ ఎవరు?" అని డీఎన్ఎస్‌ని అడిగి తెలుసుకోవాలి. మీ ఆఫీసు సర్వర్ ఎవరో గూగుల్‌కేం తెలుసు? రౌటర్లో అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ ఆపేసి, ఎనిమిదింటిలోనూ అడ్రసు రెన్యూ చేస్తే పది నిమిషాల పని.

డొమైన్‌లో ఉన్న కంప్యూటర్లకు డీఎన్ఎస్‌గా డొమైన్ కంట్రోలర్లను మాత్రమే ఇవ్వండి. "రెండోదిగా 8.8.8.8 ఉండనీ, సేఫ్టీకి" అంటారు చాలామంది. వద్దు. ఒక్కసారి మొదటిది ఆలస్యంగా పలికితే విండోస్ రెండోదాని దగ్గరికి పోయి అక్కడే కూర్చుంటుంది. బయటి పేర్ల కోసం దాన్ని సర్వర్‌లోనే ఫార్వర్డర్‌గా పెట్టుకోవచ్చు, తనకు తెలియనివి సర్వరే దాన్ని అడుగుతుంది.

రెండో అనుమానం గడియారం. విష్ణు నివాసంలో, శ్రీనివాసంలో ఇచ్చే తిరుమల దర్శనం టోకెన్ మీద టైం వేసి ఉంటుంది కదా, డొమైన్‌లో లాగిన్‌కి ఇచ్చే కెర్బెరోస్ టికెట్టూ అంతే. మీ గడియారానికీ సర్వర్ గడియారానికీ తేడా 5 నిమిషాలు దాటితే వెనక్కి పంపిస్తుంది. గేటు దగ్గర సేవకుడికి దండం పెడితే వదుల్తాడేమో, కెర్బెరోస్ వదలదు. చిత్తూరు దగ్గర ఒక గుజ్జు ఫ్యాక్టరీలో తూకం కంప్యూటర్‌ను సీజన్ అయ్యాక కట్టేసి, మళ్ళీ మామిడి వచ్చినప్పుడు తెరిచారు. "పాస్‌వర్డ్ తీసుకోలా" అని ఫోన్. తెర మీద టైం తేడా ఉందని స్పష్టంగా రాసే ఉంది, ఎవరూ చదవలేదు. మదర్‌బోర్డు మీద బిళ్ళ బ్యాటరీ అయిపోయి గడియారం ఎన్నో ఏళ్ళ వెనక్కి పోయింది. మామూలుగా డొమైన్‌లో కంప్యూటర్ తన గడియారాన్ని సర్వర్‌ను చూసి తానే దిద్దుకుంటుంది. ఇక్కడ వేగం పెరుగుతుందని ఎవరో మహానుభావుడు విండోస్ టైం సర్వీసునే ఆపేశాడు.

అదే ఫ్యాక్టరీలో ముందొచ్చిన టెక్నీషియన్ "30 రోజులు కట్టేసి ఉంచితే డొమైన్ తెగిపోద్ది" అని చెప్పిపోయాడు. అది అపోహ. కంప్యూటర్‌కీ డొమైన్‌కీ మధ్య ఉండే రహస్య పాస్‌వర్డ్ 30 రోజులకోసారి మారుతుంది నిజమే, కానీ మార్చేది ఆ కంప్యూటరే. అది నిద్రపోతుంటే ఇక మార్చేదెవరు? పది నెలల తర్వాత తెరిచినా పాత పాస్‌వర్డ్ చెల్లుతుంది. ట్రస్ట్ రిలేషన్‌షిప్ (కంప్యూటర్‌కీ డొమైన్‌కీ మధ్య నమ్మకం) తెగిందని నిజంగా వచ్చేది డిస్కు మొత్తానికి తీసిన పాత కాపీని (ఇమేజ్) రీస్టోర్ చేసినప్పుడో, ఒకే పేరుతో రెండు కంప్యూటర్లు చేర్చినప్పుడో. అప్పుడు కూడా డొమైన్ నుంచి తీసి మళ్ళీ చేర్చక్కర్లేదు. ఆ కంప్యూటర్ సొంత అడ్మిన్ ఖాతాతో (లోకల్ అడ్మిన్) వెళ్ళి, కమాండ్లు కొట్టే పవర్‌షెల్‌లో టెస్ట్-కంప్యూటర్‌సెక్యూర్‌ఛానెల్ కమాండ్‌ను రిపేర్ స్విచ్‌తో నడిపితే అతుక్కుంటుంది. ఆ లోకల్ అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరికైనా గుర్తుంటే!

ఖాతా పదేపదే లాక్ అయితే యూజర్‌ను తిట్టకండి. పీడీసీ అనే పాత్ర ఉన్న కంట్రోలర్లో (లాక్‌లన్నీ నమోదయ్యేది అక్కడే) సెక్యూరిటీ లాగ్, అంటే జరిగినవి రాసుకునే చిట్టా, తెరిచి 4740 నంబర్ ఈవెంట్ చూడండి, ఏ కంప్యూటర్ నుంచి తప్పుడు పాస్‌వర్డ్ వస్తోందో పేరు ఉంటుంది. నాకు ఎక్కువసార్లు దొరికిన దొంగ స్కాన్ చేసి ఫోల్డర్లో వేసే జిరాక్స్ మిషన్. మనిషి పాస్‌వర్డ్ మార్చాడు, మిషన్‌లో పాతదే ఉండిపోయింది.

వర్క్‌గ్రూప్‌లో ఇవేవీ ఉండవు, అక్కడి గోల వేరు. విండోస్ 11కు 24హెచ్2 అప్‌డేట్ వచ్చాక పాత నాస్ తెరుచుకోవడం లేదని వరసగా ఫోన్లొచ్చాయి. ఆ వెర్షన్ నుంచి ప్రో ఎడిషన్లో పాస్‌వర్డ్ లేని గెస్ట్ షేర్లు మూసేశారు, ఫైళ్ళు పంచుకునే ఎస్ఎంబీ పద్ధతిలో ప్రతి సందేశానికి డిజిటల్ సంతకం తప్పనిసరి చేశారు. పాత అలవాటు కోసం ఆ భద్రతను ఆపే చిట్కాలు వీడియోల్లో బోలెడు. ఆపకండి, నాస్‌లో పేరుపేరునా యూజర్లు చేయండి. క్లౌడ్‌లో అయితే నెట్ ఉందా, లైసెన్సు గడువుందా, సైన్-ఇన్ లాగ్‌లో ఏం రాసుంది అని మూడే చూస్తాను. ఉచిత ప్లాన్లో ఆ లాగ్ 7 రోజులే ఉంటుంది, ప్రీమియం ప్లాన్లో 30 రోజులు. ఓనర్ ఫోన్ పోయి, రెండో ధ్రువీకరణ ఆ ఫోన్‌కే వస్తుంటే ఆఫీసు గుత్తి దానితో పాటే పోయినట్టు. అందుకని అత్యవసరానికి రెండో అడ్మిన్ ఖాతా ఒకటి విడిగా పెట్టి, దాని వివరాలు బీరువాలో పెట్టుకోండి.

గుత్తి భద్రం

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. మొదట్లో నేను ప్రతి ఆఫీసులో ప్రింటర్ డ్రైవర్ వేయడానికి కూడా డొమైన్ అడ్మిన్‌గానే లాగిన్ అయ్యేవాణ్ణి. పాస్‌వర్డ్ కూడా ఆఫీసు పేరు, పక్కన సంవత్సరం. అలా లాగిన్ అయిన ప్రతి కంప్యూటర్ మెమరీలో నా గుర్తులు మిగిలిపోతాయి. రిసెప్షన్ కంప్యూటర్లో వైరస్ చేరితే దాన్ని వదిలినవాడికి ఆ గుర్తులు చాలు, పాస్‌వర్డే అక్కర్లేదు, నేరుగా సర్వర్‌కి పోతాడు. ఇప్పుడు డొమైన్ అడ్మిన్ ఖాతా కంట్రోలర్ మీద తప్ప ఎక్కడా లాగిన్ కాకుండా గ్రూప్ పాలసీలో (కంప్యూటర్లన్నిటికీ ఒకేచోట పెట్టే నియమాలు) అడ్డం పెడతాను. రోజువారీ రిపేర్లకు వేరే ఖాతా. ప్రతి కంప్యూటర్ లోకల్ అడ్మిన్ పాస్‌వర్డ్ వేరుగా ఉండి తనంతట తాను మారేలా ల్యాప్స్ అనే సాధనం పెడతాను. 2023 ఏప్రిల్ అప్‌డేట్ నుంచి అది విండోస్‌లోనే వస్తోంది, డబ్బు కట్టక్కర్లేదు. ట్రస్ట్ తెగినప్పుడు లోకల్ పాస్‌వర్డ్ వెతుక్కునే బాధ కూడా దీంతోనే పోతుంది.

డొమైన్ ఎంచుకున్నవాళ్ళు ఇంకా చేయాల్సినవి: కంట్రోలర్ మీద ప్రింట్ స్పూలర్ (ప్రింట్ పనులు చూసే సర్వీసు) ఆపండి, 2021లో ప్రింట్‌నైట్‌మేర్ అనే లోపం ఆ దారిలోనే వచ్చింది. ఎస్ఎంబీ మొదటి వెర్షన్ తీసేయండి. 2017 మే 12న మొదలైన, ఫైళ్ళకు తాళం వేసి డబ్బడిగే వన్నాక్రై అందులోని లోపం గుండానే పాకింది. దానికి మందు మార్చిలోనే ఇచ్చారు, వేసుకోనివాళ్ళు మునిగారు. సర్వర్ వెర్షన్ కూడా చూసుకోండి: 2012 ఆర్2కి 2023 అక్టోబర్‌తో అప్‌డేట్లు ఆగాయి, 2016కి గడువు 2027 జనవరి. తక్కువకు వస్తోందని పాత సర్వర్ 2016తో సహా కొనమంటే ఆ తేదీ గుర్తుంచుకోండి.

ఓనర్ ఇంటి నుంచి లెక్కలు చూసుకోవాలని రౌటర్లో రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు 3389ని బయటికి తెరిచిపెట్టిన యూనిట్ ఒకటి నాకు తెలుసు. ఒక ఆదివారం రాత్రి సర్వర్లో ఫైళ్ళన్నీ తాళం పడ్డాయి. బ్యాకప్ ఉంది, రోజూ పడుతోంది కూడా. కానీ ఆ డిస్క్ సర్వర్‌కే ఎప్పుడూ తగిలించి ఉండటంతో అదీ గోవిందా. ఆ నెల జీతాల పట్టీ చేత్తో రాశారు. ఇంటి నుంచి చూడాలంటే వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌కి రహస్య దారి) పెట్టించుకోండి, దానికి రెండో ధ్రువీకరణ కలపండి.

బ్యాకప్ విషయంలో డొమైన్‌కి ఒక మెలిక ఉంది. ఫైళ్ళు మాత్రమే తీస్తే యూజర్లు, పాలసీలు తిరిగి రావు. యూజర్ల జాబితా అయిన డైరెక్టరీతో సహా వచ్చే సిస్టమ్ స్టేట్ బ్యాకప్ తీయాలి. అది కూడా 180 రోజులు దాటితే డైరెక్టరీ ఒప్పుకోదు, మామూలు సెట్టింగుల్లో హద్దు అదే. అంత కాలం కట్టేసి ఉంచిన రెండో కంట్రోలర్‌నూ అలాగే మళ్ళీ తగిలించకూడదు. పొరపాటున తీసేసిన యూజర్‌ను వెనక్కి తెచ్చే ఏడీ (యాక్టివ్ డైరెక్టరీ) రీసైకిల్ బిన్ ఆన్ చేసుకోండి. ఒకసారి ఆన్ చేస్తే ఆఫ్ చేయలేం, చేయాల్సిన అవసరమూ రాదు. డిస్కులు రెండు పెట్టుకుని, ఒకటి తగిలించినప్పుడు ఇంకోటి బీరువాలో ఉండేలా చూడండి. కంట్రోలర్‌ను బ్యాకప్ నుంచి తెచ్చేటప్పుడు అడిగే రీస్టోర్ మోడ్ పాస్‌వర్డ్ కూడా కవర్లో పెట్టి ఆ బీరువాలోనే పెట్టండి. సర్వర్ పెట్టిన మనిషి ఇప్పుడు బెంగుళూరులో ఉంటాడు, ఆయనకూ గుర్తుండదు.

కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి దాడి తెలిసిన 6 గంటల్లో కంపెనీలు చెప్పాలి, లాగులు 180 రోజులు ఉంచాలి. విండోస్ లాగును మామూలు సైజులో వదిలేస్తే పాతవి చెరిగిపోతుంటాయి. సైజు పెంచడమో వేరేచోట దాచడమో మొదటిరోజే చేయించండి, డొమైన్ అయినా కాకపోయినా.

నేనైతే ఇలా

పది లోపు కంప్యూటర్లు, అందరూ ఒకే గదిలో ఉంటే వర్క్‌గ్రూప్, నాస్, రెండు డిస్కులు. మిగిలిన డబ్బుతో ఇంకా విండోస్ 10లో ఉన్నవి మార్చండి, 2025 అక్టోబర్ 14తో దానికి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి.

క్లయింట్ల దగ్గరికి తిరిగే ఆడిటర్లు, ఊరూరా బ్రాంచీలున్న ట్రావెల్స్ అయితే క్లౌడ్. శ్రీకాళహస్తి బ్రాంచిలో ల్యాప్‌టాప్ పోయినా ఇక్కడ కూర్చుని ఖాతా ఆపి, అది మళ్ళీ నెట్‌కి తగిలిన క్షణంలో చెరిపేసేలా పెట్టొచ్చు.

ఆసుపత్రి, ఫ్యాక్టరీ లాంటివి, అంటే పాతిక దాటిన కంప్యూటర్లు, షిఫ్టులు మారే మనుషులు, ఆఫీసులోనే నడిచే సాఫ్ట్‌వేర్ ఉన్నచోట, రెండు కంట్రోలర్లతో డొమైన్. పదికీ పాతికకీ మధ్య ఉన్నవాళ్ళకు నాకూ ఒకే మాట లేదు. ఊళ్ళోనే అరగంటలో వచ్చే మనిషి ఉంటే డొమైన్ వైపు, లేకపోతే క్లౌడ్ వైపు మొగ్గుతాను.

డొమైనే ఖాయం చేసుకుంటే పేరు చివర లోకల్ అని పెట్టించకండి. మీ సొంత వెబ్‌సైట్ పేరుకు ముందు ఏడీ అని చేర్చి పెట్టించండి, రేపు క్లౌడ్‌కి కలిపేటప్పుడు ఇబ్బంది ఉండదు. బిల్లులో చివరి వాయిదా ఆపి ఉంచి, అమ్మినవాణ్ణి ఒక పని చేసి చూపించమనండి: మొదటి కంట్రోలర్ కేబుల్ పీకేసి, మీ రిసెప్షన్ అమ్మాయి చేత లాగిన్ చేయించమని. లాగిన్ అయితే చెక్కు ఇవ్వండి.